మూడో కమాను కింద మోచెయ్యి

కుర్చీలో కూర్చున్నాక రేణుక మొట్టమొదట చూసింది పెళ్ళికూతుర్ని కాదు, గోడని. వంట తెలిసినవాళ్ళు ఎవరింటికి పోయినా పొయ్యి వంక చూస్తారు, దర్జీవాడు మనిషి మొహం కంటే ముందు చొక్కా భుజం చూస్తాడు, పెళ్ళయిన నాటినుంచీ గోడలతోనే బతికిన మనిషి గోడ కాక మరేం చూస్తుంది. సాగర్ రోడ్డు పక్కన పోయినేడు దాకా కందిచేను ఉన్నచోట లేచిన ఫంక్షన్ హాలు ఇది, ఇందులో ఇదే మొదటి శుభకార్యం, తమ వీధిలో ఉండే ఎంకమ్మ మనవరాలికి పెళ్ళి ఖాయం చేసే పూలూ పండ్లూ. ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు పొలం అమ్మినవాళ్ళు కారు కొంటున్నారు, కొన్నవాళ్ళు ఫంక్షన్ హాలు కడుతున్నారు, మిగిలినవాళ్ళు ఆ హాళ్ళకు భోజనానికి పోతున్నారు. రేణుక మిగిలినవాళ్ళలో మనిషి. పొద్దున చీర తీస్తుంటే భర్త శ్రీశైలం, "ఎందుకే పోవుడు, మోకాళ్ళు నొస్తున్నయంటివి గద, ఎంకమ్మకు నేను చెప్త తియ్యి," అన్నాడు. ఎన్నడూ లేనిది తన మోకాళ్ళ మీద ఈయనకింత ప్రేమ పుట్టిందేమిటా అని నవ్వుకుంది, లోపల కొంచెం సంబరపడింది కూడా. పోతానంటే ఆపలేక, "సరే, పొద్దుగూకే యాళ్ళకు గేటు కాడికి రా, నేను లోపలికి రాను, బండి మీద తీస్కపోత," అన్నాడు. లోపలికి ఎందుకు రాడో అప్పుడు ఆమెకు తట్టలేదు.

గడ్డి పరిచిన ఆవరణకు ఒక పక్క పొడుగ్గా లేపిన గోడ, ఫోటోలు దిగడానికే కట్టినట్టుంది, ఇసుక పలుకులు పైకి తేలిన గరుకు గోడ. దాని మీద వరసగా కమాన్లు, కమాను కమానుకీ మధ్య స్తంభం, స్తంభం తల మీద తామరమొగ్గ. నిజానికి అక్కడ కమానూ లేదు, స్తంభమూ లేదు, అంతా రంగే. ఉన్న గోడకు వెలుగూ నీడా పూసి రాయి చెక్కినట్టు కంటికి భ్రమ పెట్టారు. మాఘమాసపు సాయంత్రపుటెండ ఎడమవైపు నుంచి గోడను ఒరుసుకుంటూ వస్తోంది, పూసిన నీడలూ కుడికే పడ్డాయి, అసలు ఎండలో ఇసుక పలుకుల నీడలూ కుడికే పడుతున్నాయి. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కమాను లోపల నిజంగానే గది ఉన్నట్టు, అందులోకి పోతే చల్లగా ఉంటుందన్నట్టు తోస్తోంది. అబ్బ, అనుకుంది రేణుక. ఎవరు వేశారో గానీ చెయ్యి తిరిగిన మనిషి. పొద్దు సరిగ్గా పెట్టారు. గోడ మీద ఇద్దరు పనిచేసేటప్పుడు ముందు పొద్దు పెట్టుకోవాలి, లేకపోతే ఒకరి నీడ తూర్పుకూ ఇంకొకరి నీడ పడమటికీ పోయి గోడ పిచ్చిదైపోతుంది. ఆమె అయితే కుంకుమ తడిపి గోడ పైమూలన బొట్టు పెట్టేది, ఇదిగో సూర్యుడు ఇక్కడున్నాడు అని, పని అయ్యాక దాని మీద ఒక ఆకు వేసి కప్పేసేది. ఆ బొట్టు ఏ మూలన పెట్టాలో తెలియాలంటే యజమానిని ఒక మాట అడగాలి. "ఈ గోడను జనం ఏ యాళ్ళకు జూస్తరు?" అని ఆమె అడిగితే మొదట్లో అందరూ నవ్వేవారు. బడి గోడైతే పొద్దున ప్రార్థన వేళ, చర్చి గోడైతే ఆదివారం ఆరాధన వేళ, ఏ వేళకు చూస్తారో ఆ వేళ పొద్దునే గోడలో పెట్టాలి, మిగతా రోజంతా అది ఉత్త బొమ్మ అయినా ఫర్వాలేదు. శ్రీశైలానికి ఎన్నడూ ఆ ప్రశ్న నోట రాలేదు. ఆయన నిచ్చెన ఎక్కడమే పని అనుకునే మనిషి.

పక్క కుర్చీలో తమ వీధి బాలనర్సమ్మ మిర్చీ బజ్జీని నాలుక మీద పొర్లిస్తూ పెళ్ళికొడుకు ఎత్తు గురించి ఏదో అంటోంది, రేణుక ఊఁ కొడుతోంది గానీ కళ్ళు నీడ రంగులో చిక్కుకున్నాయి. నల్లగా లేదు. గోడ రంగులోనే నీలిమందు చిటికెడు, ఎర్రటి జాజు చిటికెడు కలిపినట్టుంది, వస్తువు దగ్గర పదునుగా మొదలై దూరం పోయేకొద్దీ తడిగుడ్డతో అద్దినట్టు మెత్తబడిపోయింది. ఇది తన నీడ. తాను కనిపెట్టిన నీడ అని చెప్పుకుంటే గొప్పలు పోయినట్టుంటుంది, నీడను ఎవరూ కనిపెట్టరు, కానీ మన్నెగూడలో తాము చేసిన మొట్టమొదటి పని, ప్లాట్ల వెంచర్ గోడ దగ్గర శ్రీశైలం నల్లరంగు పూస్తే, "ఏందయ్యా, వంటింటి మసి లెక్కున్నది," అని ఓనరు తిట్టిపోయాడు. ఆయన తలపట్టుకుని కూర్చుంటే, అప్పటిదాకా నీళ్ళు మోసి, గోడకు పూసే తెల్లటి లప్పం కలిపిన రేణుక, తెల్లగోడ మీద ఆరేసిన తన చీర నీడ మధ్యాహ్నం నీలంగా పడటం చూసిన రేణుక, "నీడ నల్లగుండదయ్యా," అని డబ్బాలో నీలిమందు వేసింది. ఆనాటినుంచి వెలుగులు ఆయనవి, నీడలు ఆమెవి. ఊళ్ళో పేరు మాత్రం శ్రీశైలం పెయింటర్‌ది. దానికి ఆమె ఏనాడూ కుళ్ళుకోలేదు, పొయ్యిలో ఊదేది ఎవరైతేనేం అన్నం ఉడికితే చాలనుకునే మనస్తత్వం. మరి ఆ మనస్తత్వం ఉన్న ఆడదానితో ఏడాది కిందట ఒకరోజు శ్రీశైలం, "ఇగ నీడల పని లేదే, జనం గోడలకు షీట్లు అతికిస్తున్నరు, మిషన్ల కోసిన జాలీలు పెట్టిస్తున్నరు, ఉత్త కలరే వేపిచ్చుకుంటున్నరు, నువ్వు ఇంటికాడ ఉండు," అన్నాడు. కాలం మారిందనుకుంది. నీలిమందు డబ్బా అటక మీద పెట్టింది. అటక మీద పెట్టేటప్పుడు ఏడుపొచ్చిన మాట ఆయనకు చెప్పలేదు.

అయితే ఈ నీడ ఎవరు పూశారు? వెలుగుల వంక చూస్తే శ్రీశైలం పద్ధతే, కానీ శ్రీశైలం చెయ్యి కాదు, ఆయన తెల్లరంగును కొట్టినట్టు పెడతాడు, ఇక్కడ అంచుల మీద నిలిపినట్టు ఉంది. ఇంకెవరైనా ఆడమనిషా? పెద్ద అంబర్‌పేట్ పని అని రాత్రుళ్ళు ఆలస్యంగా రావడం, ఫోను బోర్లా పెట్టుకోవడం, ఆడవాళ్ళకు అనుమానం రావడానికి ఇంతకంటే ఏం కావాలి. అప్పుడు ఆమె కళ్ళు వాటంతట అవే మూడో కమాను కిందికి పోయాయి, పోకూడదనుకుంటూనే పోయాయి. అక్కడ ఒక మోచెయ్యి నీడ ఉండాలి, ఏ మనిషిదీ కాని మోచెయ్యి. మన్నెగూడ గోడ మీద శ్రీశైలం నిచ్చెనెక్కి వెలుగు పెడుతుంటే, ఆయన మోచెయ్యి నీడ వచ్చి మూడో కమాను కింద పడింది, ఆమె పనిలో మునిగి అది కూడా గోడదే అనుకుని పూసేసింది. తెల్లారి చూస్తే గోడలోంచి చెయ్యి! శ్రీశైలం పొట్ట పట్టుకుని నవ్వాడు, నిచ్చెన మీదినుంచి పడబోయాడు. చెరపనివ్వలేదు. "ఉండనియ్యి, మన ఇద్దరి దస్కతు ఇదే," అన్నాడు. ఆ తర్వాత ఏ గోడ వేసినా సంతకంలా మూడో కమాను కింద, కమాన్లు లేకపోతే మూడో స్తంభం కింద, నీడ పూసే మనిషి వెలుగు పెట్టే మనిషి మోచెయ్యి వెయ్యాల్సిందే. లోకంలో ఇద్దరికే తెలిసిన నవ్వు అది.

ఉంది. మోచెయ్యి ఉంది. కానీ అది శ్రీశైలం మోచెయ్యి కాదు. సన్నటి చెయ్యి, మడత దగ్గర బయటికి కొంచెం వంకర తిరిగిన చెయ్యి. బాలనర్సమ్మ ఏదో అడిగింది, రేణుకకు వినబడలేదు. ఆ వంకర ఆమెకు తెలుసు. ఆ వంకరను చీకట్లో తడిమి కూడా గుర్తుపడుతుంది. దానికి నూనె రాసింది, దాని కింద దిండు పెట్టింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది, దవాఖానలో పిండికట్టు విప్పిన రోజు ఎముక సరిగా అతకలేదని డాక్టర్ అంటే ఆ చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా మాట్లాడకుండా నడిచింది. కూతురు సునంద చెయ్యి. బిడ్డకు ఐదో ఏడు నిండకముందు, ఇంట్లో వదిలేందుకు ఎవరూ లేక పనికాడికి తీసుకుపోతే, తల్లీ తండ్రీ చెరోపక్క గోడకు తిరిగి ఉండగా నిచ్చెన ఎక్కి పడింది. ఆ రాత్రి రేణుక అన్నం ముట్టలేదు. "బిడ్డ తల మీద చెయ్యి వెట్టి చెప్పు, దీన్ని ఎన్నడు గోడకాడికి రానియ్యనని చెప్పు," అంది. శ్రీశైలం నిద్రపోతున్న పిల్ల తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు. తల మీద చెయ్యి పెట్టి తప్పితే ఆ తలకే తగులుతుందని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. దొంగ ఒట్టు వెయ్యడానికి దేవుడు లేని చోటు వెతుక్కుంటారు గానీ కన్నబిడ్డ తలను ఎవరు వెతుక్కుంటారు?

మరి హయత్‌నగర్ కోచింగ్? బ్యాంకు పరీక్షలు? పొద్దున్నే సంచీ తగిలించుకుని, రేణుక కట్టిన డబ్బా తీసుకుని, "పోయొస్తనమ్మా," అని బస్సుకు పోయే పిల్ల? ఒకరోజు చెవి వెనక తెల్లటి మరక చూసి ఏందిది బిడ్డా అంటే, "ముందల బెంచీల కూసుంట గద, బోర్డు తుడిస్తె సుద్ద పడ్తది," అంది. సుద్ద! లప్పాన్ని సుద్ద అని నమ్మింది, లప్పం కలిపి కలిపి వేళ్ళు పగిలిన ఈ తల్లి. నమ్మడమే కాదు, నా బిడ్డ ముందు బెంచీలో కూర్చుంటుందని నల్లా కాడ నలుగురికీ చెప్పుకుంది, అడగనివాళ్ళకు కూడా చెప్పింది. చెవిలో పువ్వు పెట్టారంటారు, ఈ తండ్రీకూతుళ్ళు పువ్వు కాదు దండే పెట్టారు, ఆమె దాన్ని సవరించుకుని వీధంతా తిరిగింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా. మొగుడు మోసం చేస్తే మొగుడి మీద కోపం వస్తుంది, బిడ్డ మోసం చేస్తే ఎవరి మీద రావాలో తెలియదు. ఆమె ఫోను తీసింది.

"ఏడున్నవ్ బిడ్డా?"

"క్లాసుల ఉన్ననమ్మా. ఇయ్యాల జర లేటయితది."

"బోర్డు మంచిగ కనవడ్తుందా?"

"అవ్ అమ్మా, ముందల బెంచీలనే ఉన్న. మల్ల చేస్త."

పిల్ల గొంతు వెనక సర్రు సర్రుమని ఒక చప్పుడు. ఎమరీ కాగితంతో ఎండిన లప్పాన్ని గీకుతున్న చప్పుడు. లోకంలో ఇంకే చప్పుడు దగ్గరైనా రేణుక పొరపాటు పడుతుందేమో గానీ ఆ చప్పుడు దగ్గర పడదు, పెళ్ళయిన కొత్తలో నిద్రలో కూడా అది వినబడేది.

"ఎవరు, సునందనా?" అంది బాలనర్సమ్మ, చేతులు రుమాలుకు తుడుచుకుంటూ. "పిల్ల మస్తు నేర్చింది పో. గా గోడ పని నడుస్తున్నప్పుడు మా కొడుకు హన్మంతు గిక్కడనే కరెంటు పని జేసిండు. నిచ్చెన మీద గా పిల్ల నిలవడ్డదంటే దిగనే దిగదంట. నీకేం రేణుకా, మొగపిల్లగాడు లేడన్న ఫికరు లేదు."

"నీకెన్నడు ఎర్కయిందత్తా?"

"దసరా ముందు నుంచే నడుస్తున్నది గద. ఎందుకు, నీకు ఎర్కలేదా?"

"ఎర్కనే," అంది రేణుక. అంత తేలిగ్గా అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. మరి ఆ ఇంటి మనిషే కదా.

వీధందరికీ తెలుసు. నల్లా కాడ ఆమె ముందు బెంచీ గొప్ప చెప్పుకుంటున్నప్పుడు ఎంతమంది బిందె వెనక నవ్వుకున్నారో. మొహం మండిపోతున్నా కుర్చీలోంచి లేవలేదు, ఎండ ఇంకా కిందికి వాలింది, వంకర మోచెయ్యి ఇసుక పలుకుల మీద కదులుతున్నట్టే ఉంది. చూడకూడదనుకుని ఆ చెయ్యి పెట్టిన వెలుగులు చూసింది. తామరమొగ్గ అంచున, స్తంభం ఎడమ చెంపన, ఎంత పెట్టాలో అంతే పెట్టింది, రవ్వంత ఎక్కువ లేదు. బాగుంది. శ్రీశైలం కంటే బాగుంది. ఆ మాట మనసులోకి రాగానే ఇంకో మాట దాన్ని నెట్టుకుంటూ వచ్చింది, అది మాత్రం అన్నిటికంటే లోతుగా దిగింది. వెలుగు పిల్లకు ఇచ్చాడు. నీడ తాను తీసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆమె పక్కన నిలబడి ఎంత నీలిమందు, ఎంత జాజు, తడిగుడ్డ ఎప్పుడు అద్దాలి, అన్నీ కంటితో దొంగిలించి దాచుకుని, ఇక నువ్వు అక్కర్లేదు అన్న రోజున అవి బయటికి తీశాడు. పిల్లను నిచ్చెన ఎక్కించి కింద నిలబడి పిల్ల చెయ్యి నీడను ఎంత ప్రేమగా పూశాడో గోడ చెబుతూనే ఉంది. ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కనాడైనా, ఇదిగో రేణుకా, ఈ పూట నువ్వు పైకెక్కు, వెలుగు నువ్వు పెట్టు, నీ మోచెయ్యి నేను వేస్తాను అన్నాడా? ఏ గోడ మీదా ఆమె చెయ్యి లేదు. మన్నెగూడ నుంచి హయత్‌నగర్ దాకా ఎన్ని గోడలు వేసినా అన్నిటిమీదా శ్రీశైలం మోచెయ్యే ఉంది. ఇంకో ఆడది ఉండి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి ఉండేది. సొంత బిడ్డను ఎక్కడ పట్టుకుని ఈడుస్తుంది?

ఫోను రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. లేచి గోడ దగ్గరికి నడిచింది. అటక మీద డబ్బా పెట్టినప్పటినుంచి గోడను ముట్టలేదు, అరచెయ్యి ఆనిస్తే ఎండ వెచ్చదనం తగిలింది. ఆమె సొంత నీడ కుడిపక్కన, సరిగ్గా ఆ వంకర మోచెయ్యి పక్కనే పడింది, పూసిన నీడా పడిన నీడా ఒకే రంగులో. వెనక చెప్పుల చప్పుడు విని తిరగలేదు. లోపలికి రానన్న మనిషి ఫోను ఎత్తకపోయేసరికి రాక తప్పలేదు.

"ఏందే, ఎంతసేపు..." అన్నాడు శ్రీశైలం, ఆమె ఎక్కడ నిలబడిందో అప్పుడు చూశాడు. తేలు కుట్టిన దొంగలా ఆగిపోయాడు.

"పొద్దు ఏ మూలకు పెట్టినవ్?"

"ఎడమ మూలకు. బొట్టు బిడ్డనే పెట్టింది."

"దాని తల మీద చెయ్యి వెట్టి చెప్పినవ్."

"చెప్పిన. అదే వచ్చింది రేణుకా, నేను తోల్కరాలే. రెండుసార్లు ఎల్లగొట్టిన. దాని చెయ్యి జూసినవా, నాకన్న మంచిగ పెడ్తది. నీకు చెప్తె ఒప్పుకుంటవా? నిన్ను పనికి తోల్కపోతె దాన్ని చూస్తవ్, ఒప్పుకోవు. గందుకే నిన్ను..."

"గందుకే నన్ను ఇంట్ల కూసోవెట్టినవ్."

ఆయన బండి తాళాలు జేబులో వేసుకున్నాడు.

"నాకెన్నడన్న ఇచ్చినవా వెలుగు?"

ఒట్టు గురించి తిడుతుందని సిద్ధపడ్డాడు గానీ ఆయన ఈ ప్రశ్నకు కాదు. "నువ్వెన్నడు అడగలే గద," అన్నాడు. మోసం చెయ్యాలని కాదు, నిజంగానే అలా అనుకుని అన్నాడు, అదే ఆమెకు భరించలేనిదిగా తోచింది.

పొద్దు కొత్తగా లేస్తున్న అపార్టుమెంటు వెనక్కి జారింది. గోడ మీది ఇసుక పలుకుల నీడలు పోయాయి, రేణుక నీడా పోయింది. ఆయన పూసిన బిడ్డ మోచెయ్యి మాత్రం అక్కడే ఉంది. అంతలో ఎవరో మీట నొక్కారు. గోడకు కుడిపక్కన కొత్తగా పాతిన రెండు స్తంభాల మీద, మొదళ్ళ దగ్గర సిమెంటు ఇంకా తడి ఆరని స్తంభాల మీద, పెద్ద పెద్ద లైట్లు ఒక్కసారిగా వెలిగాయి. వెలుగంతా కుడినుంచి వచ్చి గోడ మీద పడింది. పూసిన నీడలన్నీ వెలుగొచ్చే వైపుకే తిరిగి నిలబడ్డాయి. కమాన్లు మూసుకుపోయాయి, స్తంభాలు గోడకు అతుక్కుపోయాయి, తామరమొగ్గలు ఉత్త మరకలయ్యాయి. ఫోటోల కోసం పెళ్ళికూతుర్ని తెచ్చి దాని ముందు నిలబెడుతున్నారు, వాళ్ళకేమీ తేడా తెలియలేదు. రేణుక నీడ మాత్రం నల్లగా, పొడుగ్గా లేచి ఎడమకు పడింది, ఆ గోడ మీద ఉన్న నీడలన్నిటికీ ఎదురుగా.

"అగో," అన్నాడు శ్రీశైలం. నోరు తెరిచి గోడను చూస్తున్నాడు. "లైట్లు గటు పక్క పెట్టిన్రు... రాత్రి ఫంక్షన్లే గద అన్ని..." ఆయన ఆ దీపస్తంభాల వైపు తిరిగాడు. "హాలు పెద్దమనిషి రేపు చూసి అడుగుతడు. రేణుకా, ఏమన్న చెప్పు. ఎట్ల జేద్దాం?"

జేద్దాం అన్నాడు. ఏడాది తర్వాత ఇవాళే ఆ మాట. ఈ గోడను జనం ఏ యాళ్ళకు జూస్తరు అని ఒక్కమాట అడిగేవాళ్ళు లేక గోడంతా అబద్ధమైపోయింది, ఇది చూసి సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఆ వెలుగులు పెట్టిన చెయ్యి కష్టం కూడా అందులో పోయింది.

"నువ్వెన్నడు అడగలే గద," అంది.

అని, భుజాన సంచీ సర్దుకుని, ఆయన తెచ్చిన బండిని దాటుకుని గేటు బయటికి వచ్చింది. మన్నెగూడ వైపు పోయే బస్సులు హారన్లు కొట్టుకుంటూ వెళ్తున్నాయి. మోకాళ్ళు నిజంగానే నొస్తున్నాయి. ఫోను చెవికి పెట్టుకుంది. అవతల ఎత్తారు. సర్రు సర్రుమని అదే చప్పుడు, ఆపకుండా, ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో గీకుతున్నట్టుంది.

"ఇంకా క్లాసులనే ఉన్ననమ్మా," అంది సునంద.

"ఏ గోడకాడ ఉన్నవ్ బిడ్డా?"

గీకుతున్న చప్పుడు ఆగిపోయింది.